పాలగెడ్డలో దిగేటప్పుడు

సోమవారం. విజయనగరం నుంచి పాలగెడ్డ, రెండు ట్రిప్పులు. వాన లేదు.

విమానం నడపడం నా ఉద్యోగం కాదు. విమానానికి ఏమైనా అయితే తప్పు నాదని రాయించుకోవడం నా ఉద్యోగం. చొక్కా మీద ‘కెప్టెన్ ధర్మావతి’ అని కుట్టించి ఇచ్చారు, రేపు ఎవరి పేరు రాయాలో వెతుక్కోనక్కర లేకుండా.

పొద్దున్నే ముందద్దం తుడిచాను. రెక్కల కింద బ్యాటరీలు తడిమి చూశాను. అవి వేడెక్కితే వాటంతటవే చెబుతాయి, తడమక్కర్లేదు. అయినా తడుముతాను. ఈ విమానంలో నేను చేతులతో చేసే పని అదొక్కటే మిగిలింది.

అటుపక్క మా కండక్టర్ ఎర్నమ్మ కాటా దగ్గర నిలబడి జనాన్ని తూకం వేస్తోంది. పందొమ్మిది సీట్ల గాలిబస్సు కదా, బరువు ముందూ వెనకా సరిగ్గా సర్దాలి.

“ఏటమ్మా, మొన్నటికంటే బరువున్నావు. సంచిలో ఏటున్నాది?”

“పనసకాయే.”

“అయితే పనసకాయ ఎనక్కెల్తాది, నువ్వు ముందుకు రా. ఇద్దరూ ఒక్క దగ్గర కూకుంటే బండి ఒరిగిపోద్ది.”

ఘాట్ రోడ్డు ఏటేటా ఏదో ఒక మలుపు దగ్గర కొండతో సహా జారిపోవడం మొదలయ్యాక ప్రభుత్వానికి విసుగొచ్చింది. రోడ్డు వదిలేసి గాలిబస్సులు వేసింది. వేసి కంపెనీకి అప్పజెప్పింది. కంపెనీ ముందు రెండో పైలట్‌ని తీసేసింది. తర్వాత మా శిక్షణ సగానికి కోసింది. ఆ రెండో మనిషి పనీ, మా సగం బుద్ధీ కలిపి ఒక యంత్రానికి ఇచ్చింది. దాని అసలు పేరు బ్రోచర్లలో చాలా గంభీరంగా ఉంటుంది. పైలట్లందరం దాన్ని అల్లుడుగారు అంటాం. ఏమడిగినా సరే అనాలి కాబట్టి.

“క్యాబిన్ చల్లబరచనా?” సరే. “లైట్లు తగ్గించనా?” సరే. “పాలగెడ్డ కాఫీ ప్రకటన వినిపించనా?” వినిపించు నాయనా, సరే.

సరే అంటే నోటితో కాదు. కుడి బొటనవేలు కింద ఆకుపచ్చ బటన్ ఉంటుంది. నొక్కకపోతే మళ్లీ అడుగుతుంది. ఇంకా నొక్కకపోతే కుయ్యోమంటుంది. తర్వాత ‘పైలట్ అప్రమత్తంగా లేరు’ అని ఆఫీసుకి చెప్పేస్తుంది. కాదు అనడానికి ఎర్ర బటన్ కూడా ఉంది. అది నొక్కితే కారణం వివరించాలి. వారంలో కాస్త ఎక్కువ ‘కాదు’లు పడ్డాయా, మేనేజరు పిలిచి టీ ఇచ్చి మరీ అడుగుతాడు, ఇంట్లో ఏమైనా ఇబ్బందులా మేడమ్ అని.

యంత్రం మీద నాకు కోపం లేదు. మబ్బులో అది నాకంటే బాగా నడుపుతుంది, ఒప్పుకుంటాను. నా కోపం దాని వెనక నక్కి కూర్చున్నవాళ్ల మీద. బస్సు మెత్తగా దిగితే “మా టెక్నాలజీ” అంటారు. గట్టిగా దిగితే “పైలట్ పొరపాటు” అంటారు. ఇంత అందమైన పంపకం ఏ అన్నదమ్ములూ చేసుకుని ఉండరు.

రెండో ట్రిప్పు దిగి తలుపు తెరిచేసరికి ఎర్నమ్మ ఫోను చెవిన పెట్టుకుని ఉంది. పెట్టేసి చెప్పింది.

“పైడిరాజు లైసెన్సు ఆపీసారటమ్మా.”

పోయిన నెల పైడిరాజు బస్సు పాలగెడ్డలో దిగుతూ బాగా కిందకి వచ్చేసింది. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల చివర్లు రాసుకుంటూ వెళ్లి రన్‌వే అంచుకి ముందే నేలని తాకింది. చక్రం విరిగింది. ఒక పెద్దావిడ చెయ్యి విరిగింది. మిగతావాళ్లు బతికిపోయారు. విమాన భద్రతా మండలి ముసాయిదా నివేదికలో ‘పైలట్ పొరపాటు’ అని ఆ రెండు మాటలే రాసింది. అవే ఖాయమైతే పైడిరాజు జన్మలో మళ్లీ ఎగరడు. పైగా పోలీసు కేసు.

మంగళవారం. సెలవు.

పైడిరాజు క్వార్టర్స్‌కి వెళ్లాను. మనిషి అరుగు మీద కూర్చుని మిక్సీ విప్పదీసి కడుగుతున్నాడు. విప్పదీయడానికి దానికేమీ జబ్బు లేదని వాళ్లావిడ కళ్లతో సైగ చేసింది.

నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు. ఒకప్పుడు కంప్యూటర్ లేని పాత శిక్షణ విమానాన్ని గాలివానలో దింపి, దిగాక ఇడ్లీలు ఎక్కడ దొరుకుతాయని అడిగిన మనిషి.

“ఏం జరిగిందిరా?” అన్నాను.

“ఏటి జరుగుద్దక్కా. ఆలిస్యం పూడ్చనా అనడిగింది. సరే నొక్కీసినాను.”

ఆ ప్రశ్న నాకు తెలుసు. బస్సు ఆలస్యమైన రోజున, గద్దకొండ దాటి లోయలోకి దిగడం మొదలుపెట్టాక, అల్లుడుగారు అడుగుతారు, “ఆలస్యం పూడ్చనా?” అని. మామూలుగా అయితే ఆయన ఒక ఏటవాలు పట్టుకుని, మెట్ల కమ్మీ పట్టుకున్నట్టు, దాని వెంటే దిగుతారు. సరే అన్నామంటే ఆ కమ్మీ వదిలేసి గడియారం పట్టుకుంటారు. టైముకి చేరడం ముఖ్యం, ఎంత ఎత్తులో ఉన్నామన్నది తర్వాత. మంచి రోజున తేడా తెలియదు. వానకి ముందు లోయలో గాలి కిందికి తోస్తుంది చూశారూ, అప్పుడు తెలుస్తుంది. తెరమీద మాత్రం అదే ఆకుపచ్చ గీత, అదే చల్లని గొంతు. మూలన నువ్వుగింజంత గడియారం బొమ్మ వెలుగుతుంది, అంతే తేడా.

“అడిగినప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

“లైట్లకి సరే అన్నాను. సీట్లకి సరే అన్నాను. ఎనకాల ఒకాయన కోడి తప్పించుకున్నాది, దాని గోల. మద్దిలో ఇది కూడా అడిగినాది. నొక్కీసినాను. నొక్కినట్టు నాకు గేపకం నేదక్కా. ఆల్లు రికార్డు సూపిస్తే నమ్మేను.”

“అది నీ తప్పు కాదు.”

“మరెవుల్దక్కా? ఏలు నాదే గదా.”

నాకు ఒళ్లు మండింది. కంపెనీ మీద కాదు, వాడి మీద. నెల రోజులు మూసిన గదిలో కూర్చోబెట్టి నువ్వే నువ్వే అంటే మనిషి చివరికి నేనే అనేస్తాడు. ఇంతమందిని ఇన్నేళ్లుగా ఇలాగే ఒప్పిస్తూ వచ్చారు. ఫ్యాక్టరీ కొలిమిలో కాలితే కార్మికుడి పొరపాటు, రోడ్డు కుంగితే డ్రైవర్ పొరపాటు. ఒప్పుకున్నవాడి సంతకం ఉంటుంది కాబట్టి విచారణ కూడా త్వరగా ముగుస్తుంది.

“నువ్వేదీ సంతకం పెట్టకు,” అని చెప్పి లేచాను. వాళ్లావిడ గుమ్మం దాకా వచ్చింది.

“మీరు సెప్తే ఇంటారొదినా. రేత్రీ పగలూ ఆ బొటనేలే సూసుకుంటన్నారు.”

గురువారం. ఉదయం ఒక ట్రిప్పు. తర్వాత మండలి ఆఫీసు.

విచారణాధికారి కరుణాకర్ గారు. మర్యాదస్తుడు. ఒకప్పుడు ఆయనా పైలటే, లైసెన్సు ఇంకా వదులుకోలేదు. నాకు కుర్చీ చూపించి, ఆ ప్రశ్న గురించి నేను చెప్పిందంతా విని, తర్వాత ఒక్క మాట అడిగారు.

“మేడమ్, మీరైతే నొక్కేవారా?”

“చచ్చినా నొక్కను.”

అహంకారం కాదు. యూనియన్ తరపున ఆ ప్రశ్న మీద కరపత్రాలు వేసినదాన్ని. కొత్తవాళ్లకి పాఠాలు చెప్పినదాన్ని. గద్దకొండ దాటాక ఏదడిగినా ఒక ఊపిరి తీసుకుని చదివి నొక్కండర్రా అని గోడల మీద రాయించినదాన్ని.

“అయితే ఒక ప్రదర్శన చేద్దాం,” అన్నారు. “అదే రూటు. అంతే ఆలస్యం. ప్రయాణికులు ఉండరు. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. ఆ ప్రశ్న ఎంత అన్యాయంగా వస్తుందో నాకు చూపించండి.”

చేతులు కలిపాను. యూనియన్ ఇరవయ్యేళ్లుగా కొడుతున్నా తెరవని తలుపు, ఇంత తేలికగా తెరిచేస్తారా అనుకుంటూ మెట్లు దిగాను. ఈల కూడా వేసినట్టున్నాను.

శుక్రవారం. రెండు ట్రిప్పులు. మబ్బు.

ఎర్నమ్మకి చెప్పాను. కాటా తుడుస్తూ వింది. గుడ్డ పిండి ఆరేసింది. అప్పుడు అడిగింది.

“రేపు నువ్వు నొక్కవు గదా?”

“నొక్కను.”

“అప్పుడు ఆల్లేటంటారు? సూడండి, సూసుకునే పైలట్టు నొక్కలేదు, పైడిరాజు నొక్కీసినాడు, అందుకే తప్పు ఆడిది అంటారు. అంతేనా?”

ఆరేసిన గుడ్డ జారితే మళ్లీ సర్దాను.

“ఆడి మెడకి తాడు నువ్వే పేనుతున్నావమ్మా,” అంది ఎర్నమ్మ. “నీ గొప్ప సూపించుకోడానికి ఎల్తన్నావు, ఆడు బలైపోతాడు.”

ఎంత తెలివైన బోను! చప్పట్లు కొట్టాలనిపించింది కరుణాకర్ గారికి. ఆయనకి ఆ ఉద్దేశం ఉందో లేదో తెలియదు. ఉండక్కర్లేదు కూడా. వ్యవస్థ బాగా నూనె పట్టించి ఉంటే, మంచివాళ్లు కూర్చున్నా అదే పని చేస్తుంది.

“పోనీ, కావాలనే నొక్కీ,” అంది ఎర్నమ్మ. “ఎవులికి తెలుస్తాది?”

“నాకు తెలుస్తుంది. వాళ్ల అబద్ధాలు బయటపెట్టడానికి నేనొక అబద్ధం ఆడితే, ఇక వాళ్లకీ నాకూ తేడా యూనిఫాం రంగొక్కటే.”

“నీ నీతి నీ దగ్గిరెట్టుకో. పైడిరాజుకి ఇద్దరు పిల్లలు.”

నాలుగు మాటలు నేనన్నాను, ఆరు తను అంది. చివరికి చెరో పక్కా తిరిగి టీ తాగాం.

నా నిర్ణయం ఇదీ. నిజాయితీగా నడుపుతాను. ప్రశ్న వస్తుంది. నొక్కను. కానీ నొక్కకుండా ఉండటానికి ఎంత కాపలా కాయాలో, ఒక మనిషి రోజంతా అలా కాపలా కాయడం ఎందుకు కుదరదో, ఆయనకి దారి పొడుగునా చెబుతాను. వాదనలో నన్ను గెలిచినవాడు ఇంతవరకూ లేడు.

శనివారం. ప్రదర్శన ట్రిప్పు.

ఆలస్యంగానే బయల్దేరాం, అనుకున్నట్టే. పక్క సీట్లో కరుణాకర్ గారు కూర్చోగానే అల్లుడుగారు పసిగట్టి, ఆయన ముందున్న రెండో బటన్ కూడా వెలిగించారు. లైసెన్సున్న మనిషి ఆ సీట్లో ఉంటే ప్రతిదానికీ ఇద్దరం సరే నొక్కాలి. ఇద్దరిలో ఎవరు నొక్కకపోయినా పని జరగదు. రెండు తాళాల బీరువా అన్నమాట.

“ఇది బాగుందే,” అన్నారాయన. “ఇంకా భద్రం.”

“రెండో పైలట్‌ని తీసేసి, రెండో బటన్ ఉంచారు. బటన్‌కి పీఎఫ్ ఇవ్వక్కర్లేదు కదా.”

ఆయన నవ్వారు. క్యాబిన్ చల్లబరచనా? ఇద్దరం సరే. లైట్లు? ఇద్దరం సరే.

కొండలు వచ్చాయి. మబ్బు పత్తి ఆరబోసినట్టుంది. గద్దకొండ ముక్కు దాటాక నేను మొదలుపెట్టాను. మనిషి దృష్టి కుళాయి కాదండీ, తిప్పితే వచ్చి కట్టేస్తే ఆగడానికి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ప్రతి ఉద్యోగంలోనూ శ్రద్ధ అవసరమే కదా మేడమ్, ఆపరేషన్ చేసే డాక్టర్‌కి లేదా అన్నారు. డాక్టర్ చేతిలో కత్తి ఉంటుంది సార్, నా చేతిలో ఏముంది? కత్తి ఎవరో ఆడిస్తుంటే పక్కన నిలబడి సరే సరే అనే డాక్టర్‌ని ఒక్కడిని చూపించండి అన్నాను. మరి రైల్వే సిగ్నల్ మనిషి సంగతేమిటన్నారు. అక్కడ నాకు నిజంగా ఊపొచ్చింది. ఆయనకీ వచ్చింది. ఒకరి మాట ఒకరం తుంచుకుంటూ, చేతులు ఊపుకుంటూ, చాలా రోజుల తర్వాత తూగే ప్రత్యర్థి దొరికాడని సంతోషపడుతూ వాదించుకున్నాం.

మబ్బు విడిపోయింది.

సిల్వర్ ఓక్ చెట్లు ముందద్దంలో ఉండాల్సిన చోట లేవు. చాలా పైన ఉన్నాయి. ఒక చెట్టు మీద కాకిగూడు కనిపించింది. గూట్లో పుల్లలు కూడా.

తెరమీద ఆకుపచ్చ గీత నిలకడగా ఉంది. మూలన నువ్వుగింజంత గడియారం.

విమానం నడిపే పిడి రెండు చేతులా పట్టి లాగాను. పిడి బిగుసుకుంది.

“కారణం చెప్పండి,” అన్నారు అల్లుడుగారు.

“నేల!” అని అరిచాను.

“కారణం నమోదైంది. ధన్యవాదాలు.”

పిడి వదులైంది. ముక్కు లేచింది. కింద ఆకులు బరబరమన్నాయి. తర్వాత ఆకాశం తప్ప ఏమీ లేదు. నేను నడిపాను. లోయ చుట్టూ ఒక చుట్టు తిరిగి, కళ్లతో రన్‌వే చూసుకుని, చేతులతో దింపాను.

దిగాం. ఆయన సీటు బెల్టు తీయడానికి రెండుసార్లు ప్రయత్నించారు.

“మేడమ్,” అన్నారు చివరికి, “మీరు కావాలని నొక్కారా?”

ఆదివారం. సెలవు.

కావాలని నొక్కలేదు. అది నాకు ఎంత తెలుసో, ఎప్పుడు నొక్కానో అంత తెలియదు. రాత్రంతా వెతికాను. ప్రశ్న వినిపించిన జాడ కూడా లేదు బుర్రలో. సిగ్నల్ మనిషి గురించి ఆయనకి చెప్పిన జవాబు మాత్రం కామాలతో సహా గుర్తుంది. బాగా చెప్పాను కూడా.

మధ్యాహ్నం కరుణాకర్ గారు ఇంటికి వచ్చారు. విమానం రికార్డులు చూసి వచ్చారట. మంచినీళ్లు కూడా తాగలేదు.

“మీరు నొక్కారు. మీ తర్వాత నేను కూడా నొక్కాను,” అన్నారు.

ఆయన ముందు పెట్టిన మంచినీళ్లు నేనే తాగేశాను.

“ఒక మార్గం ఉంది,” అన్నారు. “ఇది ప్రదర్శన. ప్రమాదం ఎలా జరుగుతుందో చూపడానికి ఇద్దరం తెలిసే నొక్కామని రేపు చెప్పొచ్చు. నిబంధనలు ఒప్పుకుంటాయి. మీ లైసెన్సుకి ఏమీ కాదు.”

“మీ ఉద్యోగానికీ కాదు.”

“నా ఉద్యోగానికీ కాదు,” అని ఒప్పుకున్నారు. నిజాయితీపరుడే.

“పైడిరాజు?”

ఆయన చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు.

“తెలియకుండా నొక్కాం అంటే, సార్, పైడిరాజు చేసింది ఎవరైనా చేసేదే అవుతుంది. అందులోనూ, ఆ ప్రశ్న కోసమే కాపు కాస్తూ వెళ్లిన మనిద్దరం కూడా చేశాం. తెలిసే నొక్కాం అంటే, తెలియకుండా నొక్కినవాడు ఈ రాష్ట్రంలో వాడొక్కడే అవుతాడు.”

“మేడమ్, మీరు ఆ ఒక్క మాట చెబితే రేపట్నుంచి నేల మీదే ఉంటారు. తెలుసు కదా?”

“నా సంగతి నేను చెబుతాను. మీది మీరు చెప్పుకోండి.”

ఇంత సులువుగా అన్నానని కాదు. ఆయన వెళ్లాక గిన్నెలన్నీ తోమాను. తోమినవే మళ్లీ తోమాను. జీవితమంతా ఎదుటివాళ్ల తప్పుల మీద ఉపన్యాసాలు ఇచ్చినదానికి, నా తప్పు నిజమైనదేనని నమ్మించడానికి ఉపన్యాసం తయారుచేసుకోవాల్సి రావడం వింతగా ఉంది.

సోమవారం. ట్రిప్పులు లేవు. మండలి ముందు విచారణ.

అధ్యక్షురాలు మధ్యలో. ఒక చివర కంపెనీ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కాలో. వెనక బెంచీలో పైడిరాజు, పక్కన ఎర్నమ్మ. శుక్రవారం నుంచి నాతో మాట్లాడని ఎర్నమ్మ.

రికార్డింగ్ వేశారు. గదినిండా నా గొంతు. కత్తి, డాక్టరు, సిగ్నల్ మనిషి. నా గొంతు ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదే ఇన్నాళ్లూ. “అసలు ఇలా ప్రశ్నలు అడగడమే...” అని నేను అంటుండగా అల్లుడుగారి చల్లని గొంతు, “ఆలస్యం పూడ్చనా?” నా వాక్యం ఆగలేదు. మధ్యలో టక్ మని ఒక చప్పుడు. ఆయన “అది కాదు మేడమ్...” అంటున్నారు. ఇంకో టక్.

వెనక బెంచీలో ఎవరో ఫక్కుమన్నారు. ఎర్నమ్మే.

“కావాలని నొక్కారా?” అని అధ్యక్షురాలు నన్ను అడిగింది.

“లేదండి. నొక్కనని పంతం పట్టి వెళ్లాను. నొక్కాను. నొక్కినట్టు తెలియదు.”

“మళ్లీ శిక్షణ పూర్తయ్యేదాకా మీ లైసెన్సు ఆగుతుంది.”

“తెలుసండి. ఆ శిక్షణ ఎవరిస్తారో కూడా చెప్పండి, వాళ్లని కంపెనీ తీసేసి చాలా కాలమైంది.”

ఆమె అది రాసుకోలేదు. కరుణాకర్ గారి వైపు తిరిగింది.

“మీరు? ప్రదర్శనలో భాగంగానే నొక్కారా?”

కంపెనీ మనిషి గబగబా తలాడించాడు, సమాధానం తనే ఇస్తున్నట్టు. కరుణాకర్ గారు కళ్లద్దాలు తీశారు. పెట్టుకున్నారు. పైడిరాజు ముందుకు వంగి బెంచీ అంచు పట్టుకుని ఉన్నాడు. ఇంత బతుకూ వాదనలతో గడిపినదాన్ని, ఆ కాసేపు నా దగ్గర ఒక్క వాదన కూడా లేదు.

“లేదండి,” అన్నారాయన. “రికార్డు చూసేదాకా నొక్కింది నేనని నాకూ తెలియదు. పైడిరాజు గారి నివేదికలో ‘పైలట్ పొరపాటు’ అన్న రెండు మాటలు రాసింది నేనే. అవి తప్పు.”

అధ్యక్షురాలు పైడిరాజు ఫైలు ముందుకు లాక్కుంది. తర్వాత గుమాస్తాకి చెప్పింది, పైడిరాజు మీద రాసిన వాక్యం కొట్టెయ్యమని, పోలీసులకి ఏమీ పంపొద్దని, దిగేటప్పుడు ఆ ప్రశ్న అడగడం ఇవాళ్టి నుంచే ఆపించమని.

“ఒలమ్మా,” అన్నాడు పైడిరాజు, మెల్లగా, ఎవరితోనూ కాదు. ఎర్నమ్మ వాడి వీపు మీద గట్టిగా చరిచింది.

ఇంటికి వెళదామని నేను లేవబోయాను. అధ్యక్షురాలు ఇంకా లేవలేదు. కంపెనీ మనిషిని చూస్తోంది.

“దిగేటప్పుడు ఆ ప్రశ్న అడగాలని నిర్ణయించింది ఎవరు?”

“అదీ... సిస్టమ్‌లో ఉందండి.”

“సిస్టమ్‌లో ఎవరు పెట్టారు?”

“చాలా టీములుంటాయి మేడమ్. ఒకరని చెప్పలేం.”

“పైలట్ దగ్గర ఒకరని చెప్పగలిగారు కదా,” అంది ఆమె. గుమాస్తా కొత్త కాగితం తీసి, కలం మూత విప్పి, ఎదురుచూస్తున్నాడు. “తొందరేం లేదు. పేరు చెప్పండి.”